రానుపోను దారి ఇరుకైంది: అమెరికా సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, నెల్లూరు–ప్రకాశం ఇళ్లలో లెక్కలు

క్లుప్తంగా: అమెరికాలో ఉన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు తిరిగి రావాలా వద్దా అన్న చర్చ పాతదే. అయితే వచ్చి ఒకటి రెండేళ్లు చూసి, కుదరకపోతే మళ్లీ వెళ్లే వీలు 2025 సెప్టెంబర్ తర్వాత బాగా తగ్గింది. దాంతో జీతం కంటే తేదీలకు విలువ పెరిగింది: గ్రీన్ కార్డు తేదీ, పిల్లల తరగతి, పన్ను సంవత్సరం, ఉద్యోగం పోతే మిగిలే అరవై రోజులు. నెల్లూరు, ప్రకాశం కుటుంబాలకు వీటికి తోడు పొలం లెక్క ఒకటి ఉంది. తిరిగి వచ్చినా ఉండేది సొంతూళ్లో కాకపోవచ్చన్న చిక్కు కూడా ఉంది.

ఇప్పుడే ఎందుకు

2025 సెప్టెంబర్ 19 శుక్రవారం నాడు అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ ఒక ప్రకటనపై సంతకం చేశారు. విదేశీ నిపుణులు అమెరికాలో ఉద్యోగం చేసుకునేందుకు ఇచ్చే హెచ్-1బి వీసా కోసం పెట్టే కొత్త దరఖాస్తుకు కంపెనీ లక్ష డాలర్లు కట్టాలన్నది దాని సారాంశం. 21వ తేదీ తొలి నిమిషం నుంచే అమలు. ఎవరికి వర్తిస్తుందో మొదట స్పష్టంగా లేకపోవడంతో మైక్రోసాఫ్ట్, అమెజాన్, జేపీ మోర్గాన్ లాంటి సంస్థలు విదేశాల్లో ఉన్న ఉద్యోగులను గడువులోగా అమెరికా చేరుకోమన్నాయి. సెలవు మీద నెల్లూరులో ఉన్న ఉద్యోగికి అది దాదాపు అయ్యే పని కాదు. చెన్నై విమానాశ్రయానికే రోడ్డు మీద మూడు గంటలు. అక్కడి నుంచి మధ్యలో ఒక విమానం మారి అమెరికా చేరడానికి ఇరవై గంటల పైమాటే. మర్నాడు వైట్‌హౌస్ వివరణ ఇచ్చింది: ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు, రెన్యువల్స్‌కు ఇది వర్తించదు, కొత్త దరఖాస్తులకే, అదీ ఒక్కసారే. టెన్షన్ కొంత తగ్గింది కానీ అప్పటికే చాలా ఇళ్లలో 'వచ్చేస్తే పోలా' అన్న మాట వచ్చేసింది.

నిజానికి ఆ ఒక్క ప్రకటన కంటే దాని చుట్టూ వచ్చిన చిన్న మార్పులే రోజువారీ జీవితాన్ని ఎక్కువ బిగించాయి. సెప్టెంబర్ 2 నుంచి ఇంటర్వ్యూ లేకుండా పాస్‌పోర్టులో వీసా ముద్ర (స్టాంపింగ్) వేయించుకునే డ్రాప్‌బాక్స్ సౌకర్యాన్ని చాలావరకు ఎత్తేశారు. అదే నెల 6 నుంచి సొంత దేశంలో గానీ, నివాసం ఉన్న దేశంలో గానీ మాత్రమే వీసా ఇంటర్వ్యూకు వెళ్లాలన్నారు. కెనడాకో మెక్సికోకో వెళ్లి స్టాంపింగ్ పూర్తి చేసుకునే పాత అలవాటు దాంతో పోయింది. డిసెంబర్ 15 నుంచి హెచ్-1బి, వాళ్ల భార్యాభర్తలకు, పిల్లలకు ఇచ్చే హెచ్-4 దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాల పరిశీలన మొదలైంది. మన దేశంలో డిసెంబర్ ఇంటర్వ్యూలు చాలావరకు 2026 మార్చికి, ఆ తర్వాతికి జరిగాయి. పెళ్లికో, నాన్న ఆపరేషన్‌కో మూడు వారాల సెలవు పెట్టి వచ్చినవాళ్లు నెలల తరబడి ఇక్కడే చిక్కుకుపోయారు.

దీని ఫలితం చట్టంలో ఎక్కడా రాసి ఉండదు. ఊరికి వెళ్లి రావడమే ప్రమాదమనుకునే ఉద్యోగి ఊరికి రావడం మానేస్తాడు. రెండు మూడేళ్లు రాకపోతే, వచ్చేయాలన్న కోరిక తగ్గాల్సింది పోయి పెరుగుతుంది.

క్యూ కదలని లెక్క

హెచ్-1బి 1990 వలస చట్టంతో వచ్చిన తాత్కాలిక వీసా. మూడేళ్లు, మరో మూడేళ్లు, మొత్తం ఆరు. ఏటా ఇచ్చేవి 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20,000. 2024 ఆర్థిక సంవత్సరంలో ఆమోదం పొందిన హెచ్-1బి దరఖాస్తుల్లో 71 శాతం భారత్‌లో పుట్టినవాళ్లవే. ఆరేళ్లు దాటి ఉండాలంటే గ్రీన్ కార్డు దారిలో పడాలి. ఇరుకు మొదలయ్యేది అక్కడే.

ఉద్యోగ కోటాలో అమెరికా ఏడాదికి ఇచ్చే గ్రీన్ కార్డులు 1,40,000. ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకూ వాటిలో సుమారు 7 శాతానికి మించి ఇవ్వకూడదన్నది నియమం. సాఫ్ట్‌వేర్ వాళ్లు ఎక్కువగా ఉండే ఈబీ-2 తరగతికి దక్కేది మొత్తంలో 28.6 శాతం, అంటే నలభై వేల చిల్లర. అందులో 7 శాతమంటే సుమారు 2,800. భార్య, పిల్లలు కూడా ఇదే లెక్కలోకి వస్తారు కాబట్టి ఒక్కో ఇంటికి రెండు మూడు కార్డులు పోతాయి. మిగతా దేశాలు వాడుకోని కార్డులు కొన్నేళ్లు కలిసినా, మొత్తం భారతదేశానికి ఒక తరగతిలో ఏడాదికి వెయ్యి, పదిహేను వందల కుటుంబాలకు కార్డు రావడమే మామూలు లెక్క. 2025 అక్టోబర్ వీసా బులెటిన్‌లో భారత్ ఈబీ-2 తేదీ 2013 ఏప్రిల్ 1. ఆ రోజుకు ముందు దరఖాస్తు పెట్టినవాళ్లకే కార్డు వచ్చే వంతు. పన్నెండేళ్ల క్యూ అంటున్నారు గానీ, ఇవాళ చేరేవాళ్లకు అది పన్నెండేళ్లతో ఆగదు. వెనక చేరినవాళ్లు ముందున్నవాళ్ల కంటే చాలా ఎక్కువ.

ఇక్కడ చూసేది పాస్‌పోర్టు ఏ దేశానిదని కాదు, పుట్టింది ఎక్కడని. అందుకే ఒక్కో ఇంట్లో విచిత్రాలు జరుగుతాయి. భర్త కావలిలో పుట్టినవాడై, భార్య వాళ్ల నాన్న కువైట్‌లో పనిచేస్తున్నప్పుడు అక్కడ పుట్టి ఉంటే, ఇద్దరూ కువైట్ లెక్కలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ క్యూ చాలా చిన్నది. పక్కింటివాళ్లు పదేళ్లు ఆగిన చోట వీళ్లు రెండు మూడేళ్లలో బయటపడతారు. తిరిగి రావాలా వద్దా అన్న ప్రశ్నే వీళ్లకు రాదు.

వచ్చి చూసే దారి

పదేళ్ల కిందటి వరకూ తిరిగి రావడాన్ని ఒక ప్రయోగంలా చేసినవాళ్లు చాలామంది. గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టే ఐ-140 దరఖాస్తుకు ఆమోదం వచ్చాక, ఆ ఆమోదం నిలిచి ఉన్నంతకాలం ప్రయారిటీ తేదీ, అంటే క్యూలో నిలబడ్డ తేదీ, ఎక్కడికీ పోదు. ఉద్యోగం మారినా, దేశం విడిచినా క్యూలో స్థానం అలాగే ఉంటుంది. ఒకసారి లాటరీలో హెచ్-1బి వచ్చినవాళ్లకు మళ్లీ లాటరీ అక్కర్లేదు. కాబట్టి హైదరాబాద్‌లో రెండేళ్లు పనిచేసి, పిల్లలు సర్దుకోకపోతేనో ఆఫీసు వాతావరణం నచ్చకపోతేనో ఏదో ఒక అమెరికా కంపెనీ దరఖాస్తుతో తిరిగి వెళ్లగలిగేవాళ్లు. కంపెనీకి అయ్యే ఖర్చు కొన్ని వేల డాలర్లు.

లక్ష డాలర్ల రుసుము ఆ దారిని దెబ్బ తీసింది. రాజకీయ చర్చ అంతా కొత్తగా వెళ్లే కుర్రాళ్ల చుట్టూ తిరిగింది. కానీ నియమం మాటల్లో చూస్తే, అమెరికా బయట ఉండి, చెల్లుబాటయ్యే హెచ్-1బి వీసా చేతిలో లేనివాళ్ల కోసం 21వ తేదీ తర్వాత పెట్టే దరఖాస్తులకు అది వర్తిస్తుంది. పదేళ్లు అక్కడ ఉండి, ఐ-140 చేతిలో పెట్టుకుని వచ్చి, వీసా గడువు అయిపోయిన అనుభవజ్ఞుడు కూడా ఆ కోవలోకే వస్తాడు. అతని ప్రయారిటీ తేదీ కాగితం మీద బతికే ఉంటుంది. దాన్ని వాడుకోవడానికి లక్ష డాలర్లు కట్టే యజమాని దొరకాలి, అంతే. రూపాయల్లో తొంభై లక్షల దాకా.

వలస సేవల విభాగం 2025 అక్టోబర్ 20న ఇచ్చిన వివరణ ప్రకారం అమెరికా లోపలే ఉండి విద్యార్థి వీసా ఎఫ్-1 నుంచి హెచ్-1బికి మారేవాళ్లకు ఈ రుసుము లేదు. అంటే లోపల ఉన్నవాడికి విలువ పెరిగింది, బయటికి వచ్చినవాడికి తగ్గింది. తిరిగి రావాలని ఉన్నా అడుగు వేయలేకపోవడానికి ఇదే పెద్ద కారణం. ఒకప్పుడు తప్పు నిర్ణయం తీసుకుంటే దిద్దుకోవడానికి అయ్యే ఖర్చు విమానం టికెట్టు, ఇంటి సామాను. ఇప్పుడది దిద్దుకోలేని నిర్ణయం అయ్యే ప్రమాదం ఉంది.

అరవై రోజులు

ఉద్యోగం పోతే హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు దొరికే గడువు 60 రోజులు, లేదా ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 పత్రం ముగిసే తేదీ, ఏది ముందైతే అది. 2017 జనవరి నుంచి ఈ నియమం ఉంది. అంతకుముందు ఆ మాత్రమూ లేదు. అరవై రోజుల్లో కొత్త కంపెనీ దరఖాస్తు పెట్టాలి, లేదా వేరే స్టేటస్‌కు మారాలి, లేదా దేశం వదలాలి.

తీరిగ్గా ఆలోచించుకుని వచ్చిన కుటుంబం, ఈ అరవై రోజుల్లో వచ్చేసిన కుటుంబం విమానం దిగినప్పుడు ఒకేలా కనిపిస్తాయి. తేడా తర్వాత తెలుస్తుంది. మొదటివాళ్లు ఇల్లు మంచి ధరకు అమ్ముకున్నారు, పిల్లల స్కూలు సంవత్సరం పూర్తి చేయించారు, ఇక్కడి ఉద్యోగం ఆఫర్ చేతిలో పెట్టుకుని వచ్చారు. రెండోవాళ్లకు ఈ మూడిట్లో ఒక్కటీ కుదరదు. తిరిగి వచ్చినవాళ్ల అనుభవాలు ఇంత పరస్పర విరుద్ధంగా వినిపించడానికి కారణం చాలావరకు ఇదే. ఒకరు 'రావడం మంచి పని' అంటారు, ఇంకొకరు 'ఎవరూ రావద్దు' అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, వేర్వేరు ప్రయాణాల గురించి.

సొంతూరికి ఎంత దూరం

నెల్లూరు, ఒంగోలు ఇళ్లలో 'అబ్బాయి వచ్చేస్తున్నాడు' అంటే అమ్మానాన్నల మనసులో మెదిలేది పక్క వీధి. వాస్తవంలో అతను వచ్చేది కొండాపూర్‌కో, వైట్‌ఫీల్డ్‌కో, చెన్నై ఓఎంఆర్‌కో.

విదేశీ కంపెనీలు మన దేశంలో సొంతంగా నడుపుకునే కార్యాలయాలను జీసీసీలు అంటున్నారు. 2024 నాస్‌కామ్–జిన్నోవ్ లెక్కల్లో అవి 1,700కు పైన, పనిచేసేవాళ్లు సుమారు 19 లక్షలు. అమెరికాలో సీనియర్ ఇంజినీరుగా, మేనేజరుగా చేసినవాళ్లకు ఇక్కడ సరిపడే ఉద్యోగాలు ఎక్కువగా ఉన్నది వీటిలోనే. అవి బెంగళూరు, హైదరాబాద్, చెన్నై, పుణె, ఢిల్లీ చుట్టుపక్కల, ముంబైలలో గుమికూడాయి. ఆంధ్రప్రదేశ్ ప్రయత్నమంతా ప్రస్తుతం విశాఖపట్నం చుట్టూ ఉంది. 2025 అక్టోబర్‌లో గూగుల్ అక్కడ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది. నెల్లూరు వైపు ఉన్నవి కృష్ణపట్నం రేవు, రామాయపట్నం రేవు పనులు, ఆక్వా. ఒంగోలు వైపు చీమకుర్తి గ్రానైట్, పొగాకు. వీటిలో క్లౌడ్ ఆర్కిటెక్టుకు పని లేదు.

అందువల్ల ఈ రెండు జిల్లాలవాళ్లకు తిరిగి రావడమంటే మూడో ఊరికి రావడం. ఆ మూడో ఊరు ఏదన్న దాన్ని బట్టి లెక్క మారుతుంది. నెల్లూరు వాళ్లకు చెన్నై 175 కిలోమీటర్లు. గుండె, నరాల జబ్బులకు ఎటూ వెళ్లేది అక్కడికే. 1953 అక్టోబర్ దాకా నెల్లూరు మద్రాసు రాష్ట్రంలోదే, ఆ రాకపోకలు రాష్ట్రాలు విడిపోయినా తెగలేదు. శుక్రవారం సాయంత్రం బయల్దేరితే రాత్రి భోజనానికి ఇంట్లో ఉండొచ్చు. చిక్కల్లా పిల్లల చదువు తమిళ రాష్ట్రంలో సాగడం. హైదరాబాద్ అయితే భాష, బంధువులు, పెళ్లి సంబంధాలు అన్నీ అనుకూలం. 2023 ఏప్రిల్‌లో మొదలైన సికింద్రాబాద్–తిరుపతి వందే భారత్ ఒంగోలు, నెల్లూరుల్లో ఆగుతుంది. నెల్లూరుకు సుమారు ఆరు గంటలు. బెంగళూరులో ఉద్యోగాలు ఎక్కువ కానీ కనిగిరి, పామూరు వైపు వాళ్లకు తప్ప మిగతావాళ్లకు ఊరు దూరమే.

అమ్మానాన్నల ఆరోగ్యమే కారణంగా తిరిగి వచ్చేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. అర్ధరాత్రి నాన్న పడిపోయాడన్న ఫోను వస్తే న్యూజెర్సీ నుంచి మర్నాడు రాత్రికి గానీ చేరలేరు. హైదరాబాద్ నుంచైతే తెల్లారేసరికి చేరొచ్చు. దూరం పోలేదు, తగ్గింది. కొన్ని ఇళ్లకు అదే చాలు. కొన్ని ఇళ్లలో అమ్మానాన్నలే ఊరు వదిలి హైదరాబాద్ ఫ్లాటులో తొమ్మిదో అంతస్తుకు మారాల్సి వస్తోంది. అప్పుడు ఎవరి కోసం ఎవరు వచ్చారన్నది తేలదు.

జీతానికి ఒక రేటు, పొదుపుకి ఇంకో రేటు

జీతాలు పోల్చేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. లక్షా అరవై వేల డాలర్లను మార్కెట్ రేటుతో గుణిస్తే దాదాపు కోటీ నలభై లక్షల పైన వస్తుంది. ఇక్కడ అరవై లక్షల ఆఫర్ దాని పక్కన చిన్నబోతుంది. కానీ డాలరుకు అక్కడ దొరికేది వేరు, తొంభై రూపాయలకు ఇక్కడ దొరికేది వేరు. కొనుగోలు శక్తిని బట్టి చూస్తే డాలరు విలువ సుమారు ఇరవై రూపాయలే అన్నది ప్రపంచ బ్యాంకు లెక్క. ఆ కొలతతో లక్షా అరవై వేల డాలర్లు ముప్పై రెండు లక్షలతో సమానం.

ఈ ఇరవై కూడా అందరికీ సరిపోదు. పనిమనిషి, వంటమనిషి, డ్రైవరు ఇక్కడ చవక. ఇంటర్నేషనల్ స్కూలు ఫీజు, కారు, నగరంలో మంచి ఫ్లాటు అంత చవక కాదు. అమెరికా మధ్యతరగతి అలవాట్లతో హైదరాబాద్‌లో బతకాలంటే ఆ రేటు ముప్పైకో నలభైకో చేరుతుంది. అయినా తొంభై కాదు.

పొదుపు విషయం తలకిందులు. అక్కడ నెలకు రెండు వేల డాలర్లు మిగిలితే, ఇక్కడికి తెచ్చుకున్నప్పుడు అది తొంభై రేటులోనే వస్తుంది. అందుకే ఖర్చు కోసం సంపాదించేవాళ్లకు తిరిగి రావడం అంత నష్టం కాదు. మిగిల్చి పంపడానికి సంపాదించేవాళ్లకు అది పెద్ద నష్టం. బుచ్చిరెడ్డిపాళెం దగ్గర రెండు కార్లు (పంటలు) పండే మాగాణి ఉన్న ఇంటి కొడుకు మొదటి కోవలోకి రావచ్చు. కనిగిరి మెట్టలో వానకు ఎదురు చూసే ఇంటి కొడుకు రెండో కోవలోకి వస్తాడు, చెల్లెలి పెళ్లి, తమ్ముడి చదువు, బోరు అప్పు అతని డాలర్ల మీదే ఆధారపడి ఉంటాయి. ఒకే కంపెనీలో ఒకే జీతంతో ఉన్నా ఈ ఇద్దరికీ ఒకే సలహా పనికిరాదు.

డబ్బు పంపడం గురించి ఒక పుకారు కూడా తిరిగింది. అమెరికా 2026 జనవరి 1 నుంచి వేసిన ఒక శాతం పన్ను నగదు, మనీ ఆర్డర్ లాంటి మార్గాల్లో పంపేవాళ్లకే. బ్యాంకు ఖాతా నుంచి, అక్కడి డెబిట్ కార్డు నుంచి పంపితే లేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లో చాలామందికి ఇది అంటదు.

అక్టోబరా, జూనా

భారత ఆదాయపు పన్ను చట్టం తిరిగి వచ్చినవాళ్లకు కొంత వెసులుబాటు ఇస్తుంది. అంతకుముందు పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్-రెసిడెంటుగా ఉన్నవాళ్లు, లేదా గత ఏడేళ్లలో మన దేశంలో గడిపింది 729 రోజులకు మించనివాళ్లు, వచ్చాక సుమారు రెండు మూడేళ్ల పాటు 'సాధారణ నివాసి కాని నివాసి' హోదాలో ఉంటారు. ఆర్‌ఎన్‌ఓఆర్ అని పిలిచేది దీన్నే. ఆ కాలంలో విదేశాల్లో వచ్చే ఆదాయం మీద ఇక్కడ పన్ను ఉండదు. వీసా మీద ఉండి వచ్చేసినవాళ్లకు అక్కడి షేర్ల లాభం మీద అమెరికా కూడా సాధారణంగా పన్ను వేయదు. కంపెనీ ఇచ్చిన షేర్లు అమ్ముకోవడానికి ఇంతకంటే మంచి సమయం ఉండదు. ఆ గడువు దాటితే ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా ఇక్కడ లెక్క చెప్పాలి, విదేశీ ఆస్తుల వివరాలు రిటర్నులో రాయాలి.

ఇందులో తేదీ ముఖ్యం. ఆర్థిక సంవత్సరంలో 182 రోజుల కంటే తక్కువ ఇక్కడ ఉంటే, అంతకుముందు నాలుగేళ్లలో ఇక్కడ గడిపినవి మొత్తం 365 రోజుల లోపే అయితే, ఆ ఏడాది నాన్-రెసిడెంటు హోదా మిగులుతుంది. అంటే అక్టోబర్ మొదటి వారం తర్వాత దిగడం లాభం. కానీ ఇక్కడ బడులు తెరిచేది జూన్‌లో. అక్టోబర్‌లో వస్తే పిల్ల సగం సంవత్సరంలో కొత్త క్లాసులో కూర్చోవాలి. జూన్‌లో వస్తే పన్ను లాభంలో ఒక ఏడాది పోతుంది. కొందరు భార్యాపిల్లల్ని జూన్‌లో పంపి, తాము అక్టోబర్‌లో వస్తున్నారు. కాగితం మీద చక్కగా ఉంటుంది ఈ ఏర్పాటు. ఆ నాలుగు నెలలూ ఇద్దరు పిల్లల్ని ఒంటరిగా సర్దుబాటు చేసే తల్లిని అడిగితే లెక్క వేరుగా చెబుతుంది.

అక్కడి రిటైర్మెంటు పొదుపు ఖాతా 401(కె)ను 59 ఏళ్ల ఆరు నెలల వయసుకు ముందు తీస్తే పన్ను కాక పది శాతం జరిమానా. తీయకుండా ఉంచితే, ఏటా పెరిగే మొత్తం మీద కాకుండా తీసినప్పుడే పన్ను కట్టే వీలు మన చట్టంలో ఉంది, దానికి నిర్ణీత ఫారం దాఖలు చేయాలి. సోషల్ సెక్యూరిటీ పింఛనుకు అర్హత రావాలంటే 40 క్రెడిట్లు, అంటే పదేళ్ల పని కావాలి. భారత్–అమెరికాల మధ్య దీనిపై ఒప్పందం లేదు కాబట్టి తొమ్మిదేళ్లకు వచ్చేసినవాళ్లు కట్టిందంతా వదులుకున్నట్టే. పదో ఏడు పూర్తయ్యే దాకా ఆగుదాం అనేవాళ్లు తరచూ కనిపించడం ఇందుకే. ప్రవాసులు విదేశీ సంపాదన దాచుకునే ఎన్‌ఆర్‌ఈ ఖాతాలను మాత్రం వచ్చాక మార్చక తప్పదు. స్థిరపడటానికి వచ్చిన రోజు నుంచి వాటి వడ్డీకి పన్ను మినహాయింపు ఉండదు.

ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలు, రెండు చట్టాలు

పెద్దమ్మాయి నెల్లూరులో పుట్టి, మూడేళ్ల వయసులో హెచ్-4 మీద వెళ్లింది. చిన్నవాడు డాలస్‌లో పుట్టాడు. ఇలాంటి ఇళ్లు వేలల్లో ఉన్నాయి. గ్రీన్ కార్డు రాకుండా పెద్దమ్మాయికి 21 ఏళ్లు నిండితే ఆమె హెచ్-4 హోదా పోతుంది. విదేశీ విద్యార్థినిగా మళ్లీ మొదలు పెట్టాలి. చిన్నవాడు అమెరికా పౌరుడు, అక్కడ అతనికి ఏ చిక్కూ లేదు.

తిరిగి వస్తే పరిస్థితి తిరగబడుతుంది. పెద్దమ్మాయి భారత పౌరురాలు, నీట్ రాసి మామూలు సీటుకు పోటీ పడొచ్చు. చిన్నవాడికి ఉన్నది ఓసీఐ కార్డు, అంటే విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు ఇచ్చేది. 2021 మార్చి 4 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐలు నీట్, జేఈఈ రాయొచ్చు గానీ ఎన్‌ఆర్‌ఐ సీట్లకో, అదనపు సీట్లకో మాత్రమే అర్హులు. ఆ తేదీకి ముందే ఓసీఐ కార్డు పొందినవాళ్లకు పాత హక్కు ఉంటుందని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. అంటే కార్డు మీది తేదీ చూసుకోవాలి. మన రాష్ట్రం ప్రైవేటు మెడికల్ కాలేజీల్లో ఎన్‌ఆర్‌ఐ కోటా 15 శాతం, ఫీజు అందుకు తగ్గట్టే. 1979లో చిన్న లెక్కల ట్యూషన్‌గా నారాయణ సంస్థ పుట్టిన ఊరు నెల్లూరు. డాక్టరు సీటు కోసం ఆరో తరగతి నుంచే లెక్కలు వేసే ఇళ్లకు ఇది మామూలు విషయం కాదు.

దీనికి తోడు స్థానికత. రాష్ట్ర కోటాలో 85 శాతం సీట్లు స్థానికులకు. అర్హత పరీక్షతో ముగిసే నాలుగు వరుస విద్యా సంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివి ఉండటం దానికి ప్రధాన కొలమానం. ఇంటర్‌తో ముగిసేలా చూస్తే, తొమ్మిదో తరగతికల్లా ఆంధ్రలో ఉండాలి. బెంగళూరులోనో చెన్నైలోనో స్థిరపడిన కుటుంబం పిల్లలు సొంత రాష్ట్రంలోనే స్థానికులు కాకుండా పోయే ప్రమాదం ఉంది. ఇంకో తమాషా ఏమిటంటే, ఈ లెక్కలో పక్కపక్కనే ఉన్న రెండు జిల్లాలూ వేరు. నెల్లూరు రాయలసీమతో కలిసి శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతంలో ఉంటే, ప్రకాశం ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతంలో ఉంది.

అందుకే పిల్లలు ఆరో తరగతి దాటకముందే రావాలన్న మాట వినిపిస్తుంది. భాష, స్నేహాలు మాత్రమే కారణాలు కావు. తొమ్మిదిలోపు రాకపోతే చట్టం కూడా అడ్డుపడుతుంది.

పొలం కొనొచ్చా

డాలర్లతో పొలం కొనడం ఈ జిల్లాల పాత కోరిక. విదేశీ మారక ద్రవ్య నిబంధనల ప్రకారం ప్రవాస భారతీయులు, ఓసీఐ కార్డుదారులు ఇల్లు, ప్లాటు, షాపు కొనుక్కోవచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. రొయ్యల గుంట తవ్విన భూమి కూడా రికార్డుల్లో వ్యవసాయ భూమిగానే ఉంటే ఈ నిషేధం దానికీ వర్తిస్తుంది.

ఎక్కువమంది పట్టించుకోనిది దాన పత్రం. అన్నదమ్ముల మధ్య తగాదాలు రాకుండా తండ్రి బతికుండగానే దాన సెటిల్‌మెంటు రాయడం ఇక్కడ మామూలు. విదేశాల్లో ఉన్న కొడుకు వ్యవసాయ భూమిని వారసత్వంగా పొందొచ్చు, దానంగా పొందే వీలు నిబంధనల్లో లేదు. భారత పౌరసత్వం ఉంచుకుని, స్థిరపడే ఉద్దేశంతో తిరిగి వచ్చినవాళ్లకు మాత్రం ఈ అడ్డంకి తొలగిపోతుంది. అమెరికా పౌరసత్వం తీసుకున్న అన్న, గ్రీన్ కార్డు రాక విసిగి వచ్చేసిన తమ్ముడు ఉన్న ఇంట్లో, పక్క ఎకరం కొనగలిగేది తమ్ముడే.

అప్పు తీరని కుర్రాళ్లు

2024–25లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,63,019 మంది. వీళ్లకు తిరిగి రావడమనే ప్రశ్న వేరే రూపంలో ఉంది. చదువు అయ్యాక ఓపీటీ అనే పని అనుమతి 12 నెలలు, స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కోర్సు అయితే మరో 24. ఆ మూడేళ్లలో హెచ్-1బి రావాలి. ఇంతకాలం అది గుడ్డి లాటరీ. ఇకపై జీతం స్థాయిని బట్టి అవకాశాలు: నాలుగో స్థాయి జీతానికి నాలుగు చీటీలు, మొదటి స్థాయికి ఒక్కటే. కొత్తగా చేరే కుర్రాడిది దాదాపు ఎప్పుడూ మొదటి రెండు స్థాయిలే.

నలభై లక్షల అప్పు 11 శాతం వడ్డీతో పదేళ్లకు తీసుకుంటే నెల వాయిదా 55 వేల పైచిలుకు. అమెరికాలో అది ఆరు వందల డాలర్లు, పెద్ద భారం కాదు. హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగంలో అది జీతం మొత్తం కావొచ్చు. హామీగా పెట్టింది దర్శి దగ్గర పొలమో, నెల్లూరులో అంకణాల (అక్కడి స్థలం కొలత) లెక్కన కొన్న ఇంటి స్థలమో అయితే నష్టం కుర్రాడితో ఆగదు. ఉద్యోగం లేకపోయినా ఏదో ఒక కోర్సులో చేరి అక్కడే ఉండటానికి వీళ్లు పడే పాట్లను మొండితనం అనుకోకూడదు. వాయిదా అంకె అలా చేయిస్తుంది.

జిల్లాల మీద పడేదేమిటి

2025లో ఈ తీర ప్రాంతానికి రెండు దెబ్బలు ఒకే దిక్కు నుంచి వచ్చాయి. ఆగస్టు 27 నుంచి భారత సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. మన రొయ్యలకు అతి పెద్ద కొనుగోలుదారు అమెరికానే. కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధర పడిపోతుందన్న భయంతో గుంటల్లో రొయ్య పిల్ల వేయడానికి రైతులు వెనకాడుతున్న రోజుల్లోనే, నాలుగు వారాలు తిరక్కుండా వీసా ప్రకటన వచ్చింది. తండ్రికి గుంటలు, కొడుక్కి హెచ్-1బి ఉన్న ఇల్లు తనకు రెండు వేర్వేరు ఆదాయాలు ఉన్నాయనే అనుకుంది. రెండూ ఒకే ఊరి నిర్ణయాల మీద ఆధారపడి ఉన్నాయని అప్పుడు తెలిసింది.

భారీగా తిరిగి వచ్చేస్తారనుకోవడానికి పైన చెప్పిన కారణాల్లో బలం తక్కువ. గ్రీన్ కార్డు దగ్గరపడినవాళ్లు ఆగుతారు, అప్పు ఉన్నవాళ్లు ఆగుతారు, పిల్లలు హైస్కూలులో ఉన్నవాళ్లు ఆగుతారు. కదిలేది మధ్యలోని పొర: ఎనిమిది నుంచి పన్నెండేళ్ల అనుభవం, ప్రైమరీ స్కూలు పిల్లలు, గ్రీన్ కార్డు తేదీ కనుచూపు మేరలో లేనివాళ్లు. వీళ్ల డబ్బు హైదరాబాద్ ఫ్లాట్లలోకి వెళుతుంది, ఒంగోలు, నెల్లూరు స్థలాల్లోకి ఇంతకుముందు కంటే తక్కువగా వస్తుంది. ఎందుకంటే అక్కడి పొదుపు ఆగిపోతుంది, ఇక్కడి ఖర్చు మొదలవుతుంది.

లక్ష డాలర్ల ప్రకటనకు ఉన్న కాలపరిమితి పన్నెండు నెలలు, పొడిగించకపోతే 2026 సెప్టెంబర్ 21తో ముగుస్తుంది. దాని మీద అమెరికా కోర్టుల్లో సవాళ్లూ నడిచాయి. అది పోయి వచ్చి చూసే దారి మళ్లీ తెరుచుకుంటే ఈ మధ్య పొరలో కదలిక ఇంకా పెరుగుతుంది. వెనక్కి వెళ్లే వీలుందని తెలిసినప్పుడే ఎక్కువమంది ధైర్యంగా వచ్చేది. పొడిగిస్తే, ఇప్పటికే సూట్‌కేసులు సర్దుకున్నవాళ్లలో కొందరు అవి విప్పేస్తారు.